‘పూర్తి ఎండ’ అంటే ఏ నెల ఎండ, ఏ పూట ఎండ?

సంపాదకుల వారికి నమస్కారం.

రెండు వారాల కిందట మీ ఆదివారం అనుబంధంలో ఇంటి తోటల గురించి వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. బాల్కనీల్లోనూ మేడ మీదా పెంచుకోదగిన పొదమొక్కల్లో నూరువరహాలకు మొదటి స్థానం ఇచ్చినందుకు సంతోషం కలిగింది. అయితే ఆ మొక్కకు ఎండ ఎంత కావాలన్న చోట ‘పూర్తి ఎండ, రోజుకు కనీసం ఆరు గంటలు’ అని ఒక్క ముక్కలో తేల్చి, ఇప్పుడే తెచ్చి మేడ మీద పెట్టుకోవచ్చని రాయడం చూశాక ఈ ఉత్తరం రాయక తప్పలేదు. చైత్రమాసం నడుస్తోంది. ఆ సలహాను నమ్మి ఈ వారం నర్సరీ నుంచి మొక్క తెచ్చుకున్నవారు వచ్చే వారం మాడిన ఆకులు ఏరుకుంటూ ఉంటారు. ఊహించి చెబుతున్న మాట కాదిది. ముప్ఫై ఏళ్లపాటు హైస్కూలు పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పిన నేనే ఆ పొరపాటు చేశాను.

నాలుగేళ్ల కిందట ఏప్రిల్‌లో బంధువుల పెళ్లికి రాజమహేంద్రవరం వెళ్లి, తిరిగి వస్తూ కడియపులంక దగ్గర కారు ఆపించి మూడు నూరువరహాల మొక్కలు కొన్నాను. అక్కడ అవి పచ్చ షేడ్‌నెట్ కింద, ఒకదాన్నొకటి ఆనుకుని, పూటపూటా తడిపే నేల మీద పెరిగాయి. ఆకులు నూనె రాసినట్టు నిగనిగలాడుతున్నాయి. హైదరాబాద్ చేరిన మర్నాడే వాటిని కుండీల్లోకి మార్చి, మేడ మీద పిట్టగోడ పక్కన వరుసగా పెట్టాను. మూడో రోజు సాయంత్రానికి పైవరస ఆకుల మీద, సరిగ్గా సూర్యుడికి ఎదురుగా తిరిగి ఉన్న భాగంలో, తెల్లబారిన మచ్చలు కనిపించాయి. వారం తిరిగేసరికి ఆ మచ్చలు గోధుమరంగు కాగితంలా ఎండి, వేలితో నొక్కితే పెళుసుగా విరిగాయి. ఒక ఆకు మీద పై ఆకు నీడ పడిన చోట మాత్రం ఆ నీడ ఆకారం ఎంత ఉందో అంత మేరా పచ్చదనం చెక్కుచెదరకుండా మిగిలింది. ఆ ఆకును ఆనాటి డైరీలో పెట్టి ఇప్పటికీ దాచుకున్నాను. మొక్కకు నీళ్లు తక్కువై కాదు, తెగులు సోకి కాదు, కేవలం వెలుగు ఎక్కువై ఆకు మాడిందనడానికి అంతకంటె సాక్ష్యం అక్కర్లేదు. మొక్కలు అమ్మినవారి తప్పు ఇందులో ఏమీ లేదు. ఆరోగ్యంగా ఉన్న మొక్కలే ఇచ్చారు. తొందర నాది.

నీడలో విచ్చుకున్న ఆకుకూ ఎండలో విచ్చుకున్న ఆకుకూ నిర్మాణంలోనే తేడా ఉంటుంది. దొరికే కొద్దిపాటి వెలుగును వీలైనంత పట్టుకోవాలి గనుక నీడాకు వెడల్పుగా, పల్చగా, ముదురు పచ్చగా తయారవుతుంది. ఎండాకు చిన్నదిగా, దళసరిగా, కాస్త లేత రంగులో ఉంటుంది. దాని పైపొర మీద మైనపు పూత, లోపల వెలుగును వాడుకునే కణాల వరుస మందంగా ఉంటాయి. ముదిరిన నీడాకును ఎండలో పెడితే అది కొంత సర్దుకోవడానికి ప్రయత్నిస్తుందే తప్ప ఎండాకుగా మారిపోదు, ఎందుకంటే ఆ కట్టడం చిగురు దశలోనే పూర్తయిపోయింది. కాబట్టి ‘మొక్కను ఎండకు అలవాటు చేయడం’ అని మనం అనేది నిజానికి పాత ఆకులను అలవాటు చేయడం కాదు, అవి బతికి ఉండగానే కొత్త ఆకులు ఎండలో పుట్టి ముదిరేంత వ్యవధి ఇవ్వడం.

సతతహరితమైన మొక్కల విషయంలో ఈ వ్యవధికి మరింత విలువ ఉంది. సతతహరితమంటే ఆకు రాలని మొక్క అని చాలామంది అనుకుంటారు. ఆకు రాలుతుంది, అన్నీ ఒక్కసారే రాలవు, అంతే. టేకు చెట్టు ఆకు మొత్తం దులిపేసుకుని తొలకరికి మళ్లీ కొత్తగా తొడుక్కుంటుంది గనుక ఒక ఏడాది ఆకులకు తగిలిన దెబ్బ మరుసటి ఏడాదికి దాని ఒంటి మీద కనిపించదు. నూరువరహాలకు, నందివర్ధనానికి, మందారానికి ఆ వెసులుబాటు లేదు. అవి తొడిగిన ఆకును నెలల తరబడి మోస్తూ, దాని సంపాదన మీదనే మొగ్గలకు ఖర్చు పెడతాయి. మాడిన ఆకు మళ్లీ పచ్చబడదు, దాని స్థానంలో కొత్త ఆకు వెంటనే రాదు. ఏప్రిల్‌లో ఒక్క వారం చేసిన పొరపాటుకు నా మూడు మొక్కల్లో ఒకటి చనిపోగా, మిగిలిన రెండూ తేరుకుని మొదటి గుత్తి పూసేసరికి కార్తికం వచ్చింది.

అలవాటు చేయడమెలా అన్నది మీ వ్యాసంలో లేదు గనుక నాకు పనికొచ్చిన పద్ధతి రాస్తున్నాను. తెచ్చిన మొక్కను మొదటి వారం నర్సరీలో ఉన్నంత నీడలోనే ఉంచాలి. రెండో వారం నుంచి పొద్దుటి ఎండ ఒక గంట తగలనిచ్చి, ఆపైన వారానికి గంటో గంటన్నరో పెంచుకుంటూ, కొత్తగా రెండు జతల ఆకులు (దీని ఆకులు ఎదురెదురుగా జంటగా వస్తాయి) ఎండలోనే విచ్చుకుని గట్టిపడేదాకా ఆగాలి. వేసవిలో కొన్నవారు మృగశిర కార్తె దాకా ఆ తొందరే పెట్టుకోకపోవడం మంచిది. షేడ్‌నెట్ కొనేటప్పుడు ఒక సంగతి అడిగి తెలుసుకోవాలి. 50 శాతం నెట్ అంటే సగం వెలుగును ఆపేది, 75 శాతం అంటే ముప్పావు వంతు ఆపేది. శాతం ఎక్కువైతే వెలుగు ఎక్కువగా వస్తుందని పొరబడి 90 శాతం నెట్ కట్టుకున్న ఇల్లు మా వీధిలోనే ఉంది. దాని కింద మందార మొక్కలు తాటి గెడల్లా పొడుగు సాగాయి గానీ పువ్వు లేదు.

ఇక అసలు విషయం ‘ఆరు గంటలు’. ఇది విదేశీ తోటపని పుస్తకాల నుంచి మన భాషలోకి దిగుమతి అయిన కొలత. నూరువరహాలు విదేశీ మొక్క కాదు. దక్షిణ భారతం, శ్రీలంక దాని పుట్టిల్లు. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ ఖాయం చేసిన ఇక్సోరా అనే శాస్త్రీయ నామం కూడా మన ఈశ్వర శబ్దం నోళ్లు మారి ఏర్పడినదే. ఇక్కడి మొక్కకు ఎక్కడిదో కొలత పెట్టుకుని మనం పెంచుకుంటున్నాం. ఉత్తర అక్షాంశం 50 డిగ్రీల పైన ఉన్న ఇంగ్లండులో ఆరు గంటల ఎండ, 17 డిగ్రీల మీద ఉన్న హైదరాబాద్‌లో మే నెల ఆరు గంటల ఎండ ఒకటి కావు. అమెరికాలోని ఫ్లోరిడాలో దీన్ని కంచెమొక్కగా నిండు ఎండలో పెంచుతారన్నది నిజమే, కానీ అక్కడి వేసవి వానలతో, ఉక్కపోతతో గడుస్తుంది. మనకు చిత్త, స్వాతి కార్తెల్లో (అక్టోబరు ప్రాంతంలో) ఎండ చురుక్కుమన్నా గాలిలోనూ నేలలోనూ తడి ఉంటుంది కాబట్టి అది ఈ మొక్కకు పండగే. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దలు ఊరకే అనలేదు. ఆ వడగాలిలో వేరు అందించగలిగిన నీటికంటె ఆకు నుంచి ఎగిరిపోయే నీరే ఎక్కువ. పది గంటలకు ముందు వచ్చే రెండు గంటల ఎండకూ పన్నెండు తరవాత వచ్చే రెండు గంటల ఎండకూ గడియారంలో తేడా లేకపోవచ్చు గానీ ఆకుకు ఉంది.

ఎంత వెలుగు అన్నది కంటితో అంచనా వేయడం కూడా మోసపుచ్చే పనే. మధ్యాహ్నపు నిండు ఎండ సుమారు లక్ష లక్స్ (లక్స్ అంటే వెలుగును కొలిచే ప్రమాణం) ఉంటే, అదే సమయంలో ఆకాశం ధారాళంగా కనిపించే గోడ నీడలో పది ఇరవై వేలు, గదిలో కిటికీ పక్కన వెయ్యో రెండు వేలో, గది మధ్యలో కొన్ని వందలు మాత్రమే ఉంటాయి. మన కనుపాప తనంతట తాను పెద్దదవుతుంది కాబట్టి గది కూడా ‘బాగా వెలుతురుగానే’ ఉన్నట్టు తోస్తుంది. ఆ మాట నమ్మి హాల్లో టీవీ పక్కన నూరువరహాలు పెట్టుకున్న మిత్రులు నాకున్నారు. ఆకు రాలుతోందని ఫోన్ చేస్తారు. పరికరాలేవీ అక్కర్లేని పరీక్ష ఒకటుంది. మొక్క ఉన్న చోట తెల్ల కాగితం పెట్టి, దానికి అడుగు ఎత్తున అరచెయ్యి చాచి నీడ చూడాలి. వేళ్ల అంచులు కత్తిరించినట్టు స్పష్టంగా పడితే అది నేరుగా తగిలే ఎండ. అంచులు చెదిరి చెయ్యి ఆకారం మాత్రం పోల్చుకోగలిగితే అరనీడ. ఏదో మసక తప్ప ఆకారమే తెలియకపోతే అక్కడ పూలమొక్క పెట్టడం దండగ.

ఏ దిక్కు బాల్కనీకి ఎప్పుడు ఎండ వస్తుందో పుస్తకాల్లో వెతికి విసిగి, ఒక ఏడాదిపాటు సుద్దముక్క పట్టుకుని నేనే కొలిచాను. మా ఫ్లాటుకు దక్షిణం వైపు ఐదున్నర అడుగుల వెడల్పున, చువ్వల కటకటాలతో ఒక బాల్కనీ ఉంది. సంక్రాంతి నాడు పన్నెండున్నరకు ఎండ ఆ నేలంతా దాటి లోపలి గోడ మీద మోకాలి ఎత్తుకు ఎక్కింది. ఉగాదికి అంచు నుంచి రెండు మూడు అడుగులకు కుంచించుకుపోయింది. వైశాఖంలో చూద్దును గదా, గీత గీయడానికి అక్కడ ఎండే లేదు. దసరాకు మళ్లీ నాలుగడుగులు లోపలికి వచ్చింది. నేల నిండా తేదీలు వేసిన ఆ గీతలు చూసి మా ఆవిడ, “పండక్కి ముగ్గు గీతలైనా సాయం పట్టని మనిషి, ఇప్పుడీ గీతలేమిటండీ” అంది. ఆ గీతల్లోంచి తేలినదాన్ని తరవాత లెక్క వేసి చూసుకుంటే సరిపోయింది. కర్కటరేఖకు దిగువన ఉన్న మన ప్రాంతంలో సూర్యుడు ఏటా రెండుసార్లు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. హైదరాబాద్‌లో మే రెండో వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో ఇంకొకసారి. ఆ రోజుల్లో మిట్టమధ్యాహ్నం నిలువుగా పాతిన కర్రకు నీడ పడదు. ఈ రెండు తేదీల నడుమ సూర్యుడు ఉదయం నుంచి అస్తమయం దాకా మనకు ఉత్తరం పక్కనే తిరుగుతాడు కాబట్టి సరిగ్గా దక్షిణానికి ముఖం పెట్టిన గోడకు దాదాపు మూడు నెలలు నేరుగా ఎండ తగలదు. అదే కాలంలో ఉత్తరపు బాల్కనీకి పొద్దునా సాయంత్రమూ ఎండ వస్తుంది. చలికాలంలో వ్యవహారం తారుమారవుతుంది. డిసెంబరు చివర మధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణాన 49 డిగ్రీల ఎత్తుకు మించి ఎక్కడు.

మన కార్తెలు సూర్యుడు ఏ నక్షత్రంలో ఉన్నాడన్న లెక్క మీద నడుస్తాయి గనుక చాంద్రమాన తిథుల్లా ఏటా అటూ ఇటూ జరగవు. ఆ లెక్కలో చెబితే, కృత్తిక కార్తె ప్రవేశించింది మొదలు పుష్యమి కార్తె వెళ్లేదాకా హైదరాబాద్‌వాసికి సూర్యుడు ఉత్తరపు పొద్దు. రైతుకు విత్తనం వేళ చెప్పిన కార్తె పట్నవాసికి కుండీ జరిపే వేళ కూడా చెబుతుందన్నమాట. ‘దక్షిణపు బాల్కనీలో ఎండ బాగా వస్తుంది’ అని మీ వ్యాసంలో ఉన్న వాక్యం పుష్యమాసంలో నిజం, జ్యేష్ఠంలో అబద్ధం. ఆ అబద్ధం నూరువరహాలకు మేలు చేసే అబద్ధమనుకోండి. ఎండ మండే మూడు నెలలూ స్లాబు నీడలో, ఆకాశపు వెలుగులో బతికి, వానలు కుదురుకున్నాక ఎండలోకి వస్తుంది కాబట్టి ఆ బాల్కనీ దీనికి చక్కని చోటు. అడ్డం ఏమీ లేని తూర్పు బాల్కనీ అంతకంటె మంచిది. ఏడాది పొడుగునా ఉదయం నాలుగైదు గంటల ఎండ పడి, మంట మొదలయ్యే వేళకు నీడ వస్తుంది. ఉత్తరం వైపు మాత్రమే బాల్కనీ ఉన్నవారు పూలమీద ఆశ పెట్టుకోకుండా ఆకు అందం కోసం పెంచే మొక్కలు ఎంచుకోవడం మేలని నా అభిప్రాయం.

పడమటి బాల్కనీ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే జనం దెబ్బతినేది అక్కడే. అక్కడ ఎండ గంటలు తూర్పుతో సమానంగానే ఉన్నా అప్పటికే గాలి వేడెక్కి ఉంటుంది, గోడ వేడెక్కి ఉంటుంది, నేల టైల్స్ కాలుతూ ఉంటాయి. సూర్యుడు గుంకిన రెండు గంటల తరవాత కూడా గోడ మీద చెయ్యి పెడితే సెగ తెలుస్తుంది. ఆ సెగ కుండీలోకి దిగుతుంది. నేలలో పాతిన మొక్క వేర్లు రెండడుగుల లోతున చల్లగా ఉంటాయి గానీ నల్ల గ్రోబ్యాగు పక్కకు ఆనుకున్న వేరు మే నెలలో ఉడికిపోతుంది. అందుకే ఒకే ఎండలో నేల మీది మొక్క కళకళలాడుతూ, కుండీలోది తలవాల్చుతుంది. కుండీలో మట్టి తడిగానే ఉండి మధ్యాహ్నం ఆకు వాలితే, అది నీళ్లడుగుతున్నట్టు కాదు; సాయంత్రానికి దానంతటదే నిలబడుతుంది. జాలిపడి మళ్లీ నీళ్లు పోస్తే వేరు కుళ్లుతుంది. పడమటి బాల్కనీలో కుండీని గోడకు జానెడు దూరం జరిపి, కుండీకి తడిపిన గోనెపట్టా చుట్టి, భరణి కార్తె నుంచి వానలు పడేదాకా మధ్యాహ్నం పూట 50 శాతం నెట్ దించితే నూరువరహాలు నిలబడుతుంది. నాకు తెలిసిన కోనసీమ పెరళ్లలో ఇదే మొక్క నెట్లూ గోనెపట్టాలూ ఏమీ లేకుండా కంచెగా పెరిగి, పిల్లలు పువ్వు గొట్టం లాగి తేనె చప్పరించేంత ధారాళంగా పూస్తుంది. అక్కడి కొబ్బరి చెట్ల చెదురు నీడనూ నేల చెమ్మనూ మనం ఆరో అంతస్తుకు తెచ్చుకోలేం.

ఎండ ఎక్కువవడం గురించే ఇంత రాశానని నీడ మంచిదని అనుకోవద్దు. కాఫీ, నూరువరహాలు ఒకే కుటుంబానికి చెందిన మొక్కలు. అరకు, పాడేరు కొండల్లో కాఫీని సిల్వర్ ఓక్ చెట్ల నీడన పెంచుతారు, అది అక్కడ పచ్చగా కాస్తుంది. అదే కుటుంబమని నూరువరహాలను నీడన పెడితే కాపు కాదు కదా, మొగ్గ కూడా చూపించదు. కణుపుకూ కణుపుకూ మధ్య దూరం పెరుగుతుంది, కొమ్మలు వెలుగు వైపు ఒరుగుతాయి, అడుగు ఆకులు రాలి పొద బోడిగా తయారవుతుంది, ఆకు వెనక పిండినల్లి చేరుతుంది, దాని వెంట మసి తెగులు వస్తుంది. మా ప్రాంతంలో ఒక ఫ్లైఓవర్ కింద, నడినెత్తిన కాంక్రీటు ఉన్న చోట, వందల కొద్దీ నూరువరహాలు నాటారు. నాటిన నెల పూలతో ఫొటోలు కూడా తీశారు. ఆ పూలు నర్సరీ ఎండ పెట్టిన పూలు. కొమ్మ కొసన మొగ్గ ఏర్పడింది అంతకు వారాల ముందు దొరికిన వెలుగుతో. ఆ తరవాత మూడేళ్లలో అక్కడ ఒక్క గుత్తి నేను చూడలేదు. ఇంట్లో కూడా ఇదే జరుగుతుంది. పూలతో కొన్న మొక్క నీడలో మొదటి విడత పూసేస్తే చోటు నచ్చిందనుకుంటాం. రెండో విడత రాకపోతే ఎరువు తక్కువైందనుకుంటాం. వెలుగు తక్కువైందని చివరికి గాని తట్టదు. అప్పుడైనా మొక్కను ఎండ వైపు జరిపి, కొసలు కొద్దిగా కత్తిరిస్తే కొత్త కొమ్మల చివర్ల గుత్తులు వస్తాయి. మా ఇంట్లో అందుకు రెండు మూడు నెలలు పట్టింది.

ఎండ మీదికి నెట్టేసే నేరాల్లో ఎండది కానిది ఒకటుంది. లేత ఆకులు నిమ్మపండు రంగుకు తిరిగి, ఈనెలు మాత్రం పచ్చగా మిగిలితే అది ఇనుము లోపం. ఈ మొక్కకు కొంచెం పులుపు గుణం గల మట్టి ఇష్టం. నగరాల్లో బోరు నీటి ఉప్పులు, కొత్త కట్టడాల సిమెంటు, సున్నం కలిసి కుండీ మట్టిని క్షారం వైపు తిప్పుతాయి, దానితో మట్టిలో ఉన్న ఇనుము కూడా వేరుకు అందదు. మా పై అంతస్తువారు ఈ పసుపును ఎండదెబ్బ అనుకుని మొక్కను మెట్ల కిందికి మార్చారు. మొక్కకు ఇనుమూ లేకపోయింది, వెలుగూ లేకపోయింది. సున్నపు నేలల్లో వేరుశనగ పసుపు తిరిగితే మన రైతులు లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఇనుము ఉండే లవణం), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి చల్లుతారు. అదే పాళ్లలో సాయంత్రం పూట చల్లితే నూరువరహాలు కూడా కొత్త ఆకును పచ్చగా తొడుగుతుంది. గుర్తులు కలగాపులగం కాకుండా ఉండాలంటే మచ్చ ఎక్కడుందో చూడాలి. సూర్యుడికి ఎదురైన ఆకు పై భాగం మధ్యలో తెల్లబారి ఎండితే ఎండదెబ్బ. ఆకు కొసలూ అంచులూ మాడితే నీటి ఎద్దడో, ఉప్పు నీరో కారణం కావచ్చు. లేత ఆకులు ఈనెలు వదిలి పసుపుబారితే ఇనుము, అడుగున ముదురాకులు మొత్తం పసుపుబారితే నత్రజని.

వ్యాసంలో మరొక మాట ఉంది. ఎండలో ఆకు మీద నీటి చుక్క పడితే అది భూతద్దంలా పనిచేసి ఆకును కాలుస్తుందని. మా చిన్నప్పటి నుంచీ వింటున్న మాటే, పరీక్షకు నిలవని మాట. నూరువరహాల వంటి నున్నని ఆకు మీద చుక్క పరుచుకుని అతుక్కుంటుంది. దానిగుండా వంగిన కిరణాలు కలిసే చోటు ఆకుకు దిగువన ఎక్కడో ఉంటుంది, పైగా నీరు ఆవిరవుతూ ఆకును చల్లబరుస్తుంది. నూగు ఉన్న ఆకుల మీద, చుక్క ఆకును తాకకుండా పైకి నిలిచినప్పుడు మాత్రమే అలాంటి అవకాశం కొంత ఉంది. మధ్యాహ్నం నీళ్లు పోయవద్దంటే దానికి వేరే కారణాలున్నాయి. ఎండలో పడి ఉన్న రబ్బరు పైపులో మొదట వచ్చే నీళ్లు సలసల కాగుతుంటాయి, బోరు నీటి చుక్క ఆరితే ఆకు మీద తెల్లని ఉప్పు మరక మిగులుతుంది. అసలు కారణాలు ఉండగా కల్పిత కారణం ఎందుకు?

మీ అనుబంధాన్ని నడిపేవారిని నేను కోరేది కొద్దిపాటి మార్పు. ప్రతి మొక్క వివరాల చివర ‘పూర్తి ఎండ’, ‘పాక్షిక నీడ’ అనే మాటలకు బదులు ఏ పూట ఎండ, ఏ నెలల్లో, ఏ దిక్కు బాల్కనీకి తగును, నేలలోనా కుండీలోనా అన్న నాలుగు వివరాలు రెండు వరుసల్లో వేయించండి. తీరప్రాంతానికీ, తెలంగాణ, రాయలసీమ మెట్ట ప్రాంతాలకూ ఒకే సలహా వేయకుండా విడివిడిగా వేస్తే ఇంకా మంచిది. ప్రస్తుతానికి మాత్రం నూరువరహాల విషయంలో ఒక చిన్న సవరణ వెంటనే అవసరం. వచ్చే నెల 11 ప్రాంతంలో కృత్తిక కార్తె ప్రవేశిస్తుంది. ఆ వ్యాసం చదివి ఇప్పటికే మొక్క తెచ్చి మేడ మీద పెట్టినవారు దాన్ని తూర్పు వైపు నీడకో నెట్ కిందికో మార్చాలనీ, మాడిన ఆకులు పూర్తిగా రాలేదాకా కొమ్మలు కత్తిరించవద్దనీ, ఎరువు వేయవద్దనీ ఆలోపే ప్రచురిస్తే చాలా మొక్కలు దక్కుతాయి. మా బాల్కనీలో గీసిన గీతలను తేదీలతో సహా ఒక నోటుపుస్తకంలోకి ఎక్కించి ఉంచాను. మీ వ్యాసకర్తకు ఉపయోగపడుతుందనుకుంటే నకలు పంపడానికి నాకు అభ్యంతరం లేదు.

భవదీయుడు,
ఒక విశ్రాంత వృక్షశాస్త్ర ఉపాధ్యాయుడు,
హైదరాబాద్.